మేక కన్నుకు అలవాటైన చెయ్యి

అక్క పోయిన రెండు వారాలకు ఆసుపత్రి నుంచి కాగితం వచ్చింది. 'మా సంస్థలో ముప్పై ఒక్క సంవత్సరాలు సహాయక సిబ్బందిగా పనిచేసిన' అని మొదలై, రబ్బరు ముద్ర సంతకంతో ముగిసింది. మధ్యలో అక్క పేరు మాత్రం పెన్నుతో నింపారు. మిగతాదంతా ముందే అచ్చు వేయించి పెట్టుకున్నది. ఎవరు పోతే వారికి సరిపోయేలా.

ఆ కాగితాన్ని నేను చించలేదు. చించితే వాళ్ళకి తెలియదు కదా, అందుకని.

సహాయక సిబ్బందట. ఈ చుట్టుపక్కల కళ్ళ డాక్టర్ల బోర్డులు చూస్తూ నడిచివస్తే, సగం బోర్డుల వెనక ఉన్న చేతులు మా అక్క తిట్లు తిని తయారైనవే. వాళ్ళలో ఒక్కరూ మా గుమ్మం తొక్కలేదు. ఒకాయన ఫోన్ చేసి, "మంచి మనిషండీ, నోరే కాస్త..." అని ఆగాడు. నోరే కాస్త ఏమిటో చెప్పమన్నాను. పెట్టేశాడు.

కళ్ళ డాక్టరు ఎలా తయారవుతాడో బయటివాళ్ళకి పెద్దగా తెలియదు. డాక్టరీ చదువు ముగిశాక పెద్ద బోధనాసుపత్రిలో కంటి విభాగంలో మూడేళ్ళు ఉండాలి. ఆ తర్వాత ఇంకో ఏడాదో రెండేళ్ళో కంటిలోనే ఒక ముక్క పట్టుకుని దాన్నే చదవాలి. కన్ను ఎంత? పెద్ద ఉసిరికాయంత. అన్నదమ్ములు పెరడు పంచుకున్నట్టు దాన్ని పంచుకున్నారు. ముందున్న అద్దం కార్నియా వాళ్ళది. లోపలి ఒత్తిడి గ్లకోమా వాళ్ళది. వెనక తెర రెటీనా వాళ్ళది. రెప్పలూ కన్నీటి గొట్టాలూ ఒకరివి, మెల్లకన్నూ పసిపిల్లల కళ్ళూ ఒకరివి, కంటి నుంచి మెదడుకు పోయే నరం ఇంకొకరిది. కంట్లో వాపు వస్తే అది ఎవరి వాటాలోకి వస్తుందో తేలక దానికి వేరే మనిషిని పెట్టారు.

అక్కకి అందరి మీదా ఒక మాట ఉండేది. కార్నియా వాళ్ళు కిటికీలు తుడిచేవాళ్ళు. గ్లకోమా వాళ్ళు తూములు తవ్వేవాళ్ళు. నరాల డాక్టరు కత్తి పట్టడు, రోగి కళ్ళలోకి చూసి నిట్టూరుస్తాడంతే. మెల్లకన్ను డాక్టరమ్మ ఒక్కర్తే అక్కకి స్నేహితురాలు. "గుడ్డి కన్నా మెల్ల మేలని పెద్దలే సర్టిఫికెట్టిచ్చారు, నీ గదికేమే" అని వెళ్ళి ఆమె బొమ్మల మధ్య కూర్చుని టీ తాగేది. రెటీనా వాళ్ళంటే మాత్రం పడేది కాదు. "వెనకింటివాళ్ళు. ముందు గది ఎవరు ఊడ్చారో వాళ్ళకి పట్టదు" అనేది. విభాగానికి అధిపతిగా వచ్చినాయన రెటీనా డాక్టరు. వచ్చిన మొదటి వారంలోనే ఆయనకి వెనకింటాయన అని పేరు పడిపోయింది. పెట్టింది ఎవరో ఆయనకీ తెలుసు.

ఎవరు ఏ ముక్క పంచుకున్నా, అందరూ ముందు దాటాల్సిన గుమ్మం ఒకటే. శుక్లం ఆపరేషన్. ఆ గుమ్మంలో కూర్చున్నది మా అక్క.

కింది అంతస్తులో, లిఫ్టు మోటారు పక్కన, పొడుగాటి గది. నాలుగు పాత మైక్రోస్కోపులు, ఒక స్టీలు సింకు, కంటి గుంటలు తొలిచిన థర్మోకోల్ తలలు. రోజూ పొద్దున మాంసం కొట్టు నుంచి ఐసు ఫ్లాస్కులో మేక కళ్ళు తెచ్చేది. "తలకాయ కొనేవాళ్ళు కళ్ళేవిరా అని నన్ను చంపుతున్నారక్కా" అని కొట్టతను ఏడ్చేవాడు. "చదువుకోడానికి వెళ్ళాయని చెప్పు" అనేది. కుర్ర డాక్టర్లు ఆ కళ్ళని థర్మోకోల్ గుంటల్లో పెట్టుకుని కోయడం, చించడం, కుట్టడం నేర్చుకునేవాళ్ళు. ఒక్కొక్కరికీ ఒక అట్ట కార్డు. యాభై గళ్ళు మేక కళ్ళకి, ముప్పై గళ్ళు టమాటాలకి. అడుగున అక్క సంతకానికి ఒక గడి. ఆ గడి నిండకుండా ఆపరేషన్ థియేటర్లో మనిషి కన్ను ముట్టుకోకూడదు. వెనకింటాయనకంటే ముందు విభాగం నడిపిన పెద్ద డాక్టరమ్మ పెట్టిన నియమం అది.

టమాటాలెందుకంటే, కంటి లోపలి కటకం చుట్టూ సంచిలాంటి పొర ఉంటుంది. శుక్లం తీయాలంటే ముందు ఆ పొరలో కందిగింజంత గుండ్రటి ద్వారం తెరవాలి. కోసేది కాదు, అంచు పట్టుకుని మెల్లగా గుండ్రంగా చించుకుంటూ రావాలి. మేక కంటి పొర మందం. సాగుతుంది, గట్టిగా లాగినా ఓర్చుకుంటుంది. మనిషి పొరకి ఆ ఓర్పు లేదు. దారి తప్పిందా, పాత చీర చిరిగినట్టు అంచుదాకా పోతుంది. ఆ తర్వాత కటకం వెనక్కి జారి కన్ను పాడైనా పాడవుతుంది. ఒక ఏడాది, మేక కళ్ళలో అందరికంటే చురుకైన అమ్మాయి మొదటి రోజే వరసగా ఇద్దరు మనుషుల పొరలు చించేసింది. మెతకచేతుల వాళ్ళకి ఏమీ కాలేదు. పెద్ద డాక్టరమ్మా అక్కా రెండు రోజులు కూర్చుని ఆలోచిస్తే తేలిందేమిటంటే, మేకని జయించిన చెయ్యే మనిషికి ప్రమాదం. అప్పట్నుంచి వేడినీళ్ళలో ముంచి తీసిన పండు టమాటా. దాని తొక్క గట్టిగా లాగితే క్షమించదు.

పతకం అనే కుర్ర డాక్టరు చేరింది వెనకింటాయన వచ్చిన రెండో ఏడు. చదువులో బంగారు పతకం వచ్చిందని మొదటి రోజు మూడుసార్లు చెప్పాడు గనక అక్క అతన్ని అలాగే పిలిచేది, ఇంట్లో మాత్రం. ఆసుపత్రిలో కుర్ర డాక్టర్లందరికీ ఆవిడ 'అక్క'. ఇతను ఒక్కడే 'సిస్టర్' అనేవాడు, పళ్ళ మధ్య పెట్టి.

యాభై మేక కళ్ళూ తొమ్మిది రోజుల్లో చేసేశాడు. అంత వేగం అక్క చూడలేదట. పదో రోజు అతని ముందు టమాటాల బేసిన్ పెట్టింది.

"సిస్టర్, నేను వంటకి రాలేదు."

"వంటకైతే ఇంత యాతనెందుకు డాక్టరుగారూ, కత్తిపీట ఇచ్చేదాన్ని. తొక్క తియ్యండి. గుండ్రంగా."

"యాభైలో ఒక్కటైనా చిరిగిందా? మీరే చూశారు కదా."

"చిరగలేదు. నా భయం అదే."

రెండు టమాటాలు చేశాడు. రెండూ పక్కకి చిరిగాయి. ఫోర్సెప్స్ బేసిన్‌లో పారేసి, సరాసరి వెనకింటాయన గదికి వెళ్ళాడు. ఆ మధ్యాహ్నమే అక్కకి పిలుపు.

ఆ గదిలో జరిగింది అక్క ఇంటికొచ్చి, ఇద్దరి గొంతులూ తనే మార్చి చెప్పింది.

"ఏమ్మా, నువ్వు డాక్టరువా?"

"కాదు సార్."

"మరి డాక్టరు చెయ్యి బాగుందో లేదో చెప్పడానికి నువ్వెవరు?"

"కార్డు మీద గడి ఉంది సార్. ఆ గడి పెట్టినావిడ్ని అడగండి."

"ఆవిడ రిటైరైపోయింది."

"గడి రిటైరవలేదు సార్."

నాకు నవ్వు రాలేదు. మేమిద్దరం మూడో అంతస్తులో రెండు గదుల ఇంట్లో ఉండేవాళ్ళం. అక్క పెళ్ళి చేసుకోలేదు, నేను చేసుకున్నది నిలవలేదు. ఒకరికొకరం తప్ప వేరే దిక్కు లేదు.

"సంతకం పడేస్తే నీ సొమ్మేం పోయింది? నీ కన్నా, నా కన్నా?" అన్నాను.

"ఎవరిదో ఒకరిదేగా."

"తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటావు. ఏదో రోజు ఆ గదిలోంచి నిన్ను గెంటేస్తారు చూడు."

"గెంటనీ. నడిచి వెళ్ళే శ్రమ తప్పుతుంది."

అలా ఆరు వారాలు గడిచాయి. పతకం టమాటా ముట్టడు, అక్క పెన్ను ముట్టదు. ఈలోగా ఏటా సిబ్బందికి చేసే కంటి పరీక్ష వచ్చింది. అక్క కుడికంట్లో శుక్లం ముదిరిందని తేలింది. నాకు తెలియదు. సూదిలో దారం నన్ను ఎక్కించమనడం మొదలుపెట్టి నాలుగు నెలలైంది, నేను బద్ధకం అనుకున్నాను. మైక్రోస్కోపులో లోతు తెలియాలంటే రెండు కళ్ళూ కావాలి. ఒక కంటితో అందరి చేతులూ తూకం వేస్తోందన్నమాట, అన్నాళ్ళుగా.

వెనకింటాయనకి వెతకబోయిన తీగ కాలికి తగిలింది.

"నీ కళ్ళే కనబడటం లేదు, నువ్వు మా చేతులు చూస్తున్నావా? నెలలోగా ఆపరేషన్ చేయించుకో. కన్ను బాగుపడితే గదిలో ఉండు. లేదంటే కళ్ళజోళ్ళ కౌంటర్లో కూర్చో. ఇకపోతే మా కుర్రాణ్ణి సోమవారం థియేటర్‌కి వేశాను. జనరల్ వార్డు కేసు. నీ సంతకం కోసం ఆగేది లేదు."

సోమవారం జాబితాలో ఉన్న ఆ కేసు ఒక ముసలాయన. కన్ను అప్పటికే ఒకటి పోయింది, ఉన్నది రెండోది. కాగితాల మీద వేలిముద్రలు వేయించుకున్నారు. ఎవరు కోస్తారో ఆయన్ని ఎవరూ అడగలేదు, ఆయనా అడగలేదు. అక్క వార్డుకి వెళ్ళి ఆయన మంచం పక్కన కాసేపు నిలబడి, తిరిగి వెనకింటాయన గదికి వెళ్ళిందట.

"సార్, ఆయన్ని ఇంకొకరికి వెయ్యండి. సోమవారం నా కన్ను చెయ్యమనండి ఆ బాబుని."

ఆయన నవ్వాడట. "అంటే అతని చెయ్యి బాగుందని ఒప్పుకున్నట్టేగా?"

"ఒప్పుకున్నది మీరు. దానికో కన్ను కావాలి. ఆ ముసలాయన అరవలేడు సార్. నేనైతే అరుస్తాను."

ఆ సాయంత్రం ఇంట్లో జరిగినదాన్ని గొడవ అంటే తక్కువ చేసినట్టు. నేను పళ్ళెం విసిరాను. "నీ కన్ను నీ ఒక్కదానిదే అనుకుంటున్నావా? రేపు గుడ్డిదానివై కూర్చుంటే చెయ్యి పట్టుకుని నడిపించేది ఎవరు, ఆ ముసలాయనా?" అన్నాను. అక్క పళ్ళెం తీసి కడిగి బోర్లించింది. "నడిపించకు. కూర్చునే ఉంటాను" అంది. సోమవారం పొద్దున నేనే తోడు వెళ్ళాను, పళ్ళు కొరుక్కుంటూ.

థియేటర్ లోపలి సంగతి అక్క చెప్పిందీ, అక్కడున్న నర్సు చెప్పిందీ ఒక్కలాగే ఉంది కాబట్టి నమ్ముతున్నాను. చుక్కల మందుతోనే మత్తు. కన్ను మొద్దుబారుతుంది, మనిషి మెలకువగా ఉంటుంది. ముఖం మీద పచ్చ గుడ్డ, దానికి ఒక్క కన్నంత కంత. పతకం మైక్రోస్కోపు దగ్గర, పక్క గొట్టంలోంచి చూస్తూ వెనకింటాయన. అక్కకి కనిపించింది తెల్లటి వెలుగు, అందులో కదిలే నీడ. నొప్పి లేదు. చూడటానికేమీ లేదు గనక ఊపిరి విందట. ముప్పై ఏళ్ళుగా కుర్ర డాక్టర్ల వెనక నిలబడి ఆవిడ చూసినవి చేతులు, విన్నవి ఊపిర్లు.

పొర అంచు పట్టుకున్నాడు. ఊపిరి మామూలుగా ఉంది. సగం వచ్చాడు. ఊపిరి ఆగింది.

"లాగు, పర్లేదు, తిప్పేసుకో" అన్నాడు వెనకింటాయన. రెటీనా డాక్టరు. ముందు గదిలో చెయ్యి పెట్టి ఎన్నేళ్ళయిందో.

"లాగకు" అంది అక్క గుడ్డ కింద నుంచి. తల కదలకూడదని దవడ బిగించి, పళ్ళ సందుల్లోంచి.

"పేషెంట్ మాట్లాడకూడదమ్మా."

"కన్ను నాది సార్. మీరు మాట్లాడకండి. పతకం! బయటికి పోతోంది కదూ చిరుగు? వదిలెయ్. జెల్ నింపు ముందు. నిండా నింపు, పిసినారితనం వద్దు."

పతకం వెనకింటాయన వైపు ఒకసారి చూశాడు. కంటి లోపల నిండి పొరని అదిమి ఉంచే ఆ జెల్ అందుకున్నాడు.

"ఇప్పుడు మడతపడ్డ ముక్కని పరిచెయ్. పరిచావా? ముందుకి కాదు, వచ్చిన దారినే వెనక్కి లాగు. టమాటా అనుకో. మేకని మర్చిపో. వెనక్కి... ఇప్పుడు మధ్యలోకి."

ఊపిరి మళ్ళీ వినబడింది.

"తిరిగిందా?"

"తిరిగింది" అన్నాడు పతకం.

"అయితే కానివ్వు. నాకు మెడ పట్టేసింది."

కన్ను బాగా వచ్చింది. నెల తిరక్కుండా అక్క సూదిలో దారం తనే ఎక్కించుకుని, నా వైపు చూసి కనుబొమ్మలెగరేసింది. గదిలోకి తిరిగి వెళ్ళిన రోజునే వెనకింటాయన కార్డు పట్టుకుని స్వయంగా కిందికి దిగాడు, వెనక పతకం.

"నీ కన్నే సాక్ష్యం. పెట్టు సంతకం."

"కన్ను బాగుంది సార్. సంతకం కన్నుకి కాదు, చేతికి."

అప్పుడు పతకం నోరు విప్పాడు. "మీ కన్ను కాపాడింది నేను. ఆ కృతజ్ఞతైనా లేదా మీకు?"

"నా కన్ను నేనే కాపాడుకున్నాను బాబూ. నువ్వు చెయ్యి అరువిచ్చావు. ముప్పై టమాటాలు చేసి రా, పెడతాను."

వారంలో ఉత్తర్వు వచ్చింది. అభ్యాస కార్డులు రద్దు. గదికి తాళం. అక్కకి కళ్ళజోళ్ళ కౌంటర్, రిటైరయ్యేదాకా. కన్ను బాగుపడితే గదిలో ఉండమన్న మాట గురించి అడిగితే, "గది ఉంటే కదా" అన్నారట. కన్నూ పోలేదు, మాటా తప్పలేదు, గది మాత్రం పోయింది. పెద్దవాళ్ళ తెలివి అంటే అది.

పతకానికి ఇక అడ్డు లేదు. సంతకం అక్కర్లేదు, థియేటర్ తలుపులు బార్లా తెరిచారు. అయితే ఒక ఆదివారం పొద్దున తలుపు తీసేసరికి మా గుమ్మంలో నిలబడి ఉన్నాడు. తలకి తగిలించుకునే భూతద్దాలు ఒక చేతిలో, టమాటాల సంచీ ఇంకో చేతిలో. మనిషి సగమయ్యాడు. థియేటర్లోకి వెళ్ళగానే చెయ్యి బిగుసుకుపోతోందట. మూడు కేసులు మధ్యలో వదిలి పెద్దవాళ్ళకి అప్పగించాడట.

"ఇక్కడ కూరగాయలు అమ్మం" అన్నాను.

"జరుగే" అంది అక్క నా వెనక నుంచి. "చెప్పులు బయట వదిలి రా."

వంటింటి కిటికీ దగ్గర బల్ల వేశారు. ఎనిమిది ఆదివారాలు వచ్చాడు. ఆ ఎనిమిదిలో ఒక్కటి కూడా ప్రేమగా గడవలేదు. "అది టమాటా, నీ శత్రువు కాదు." "మీరు మీద పడి చూస్తుంటే ఎలా వస్తుందండీ!" "రేపు రోగి బంధువులు అద్దంలోంచి చూస్తారు, వాళ్ళనీ పొమ్మంటావా?" ఒకసారి అతను లేచి వెళ్ళిపోయాడు, మెట్ల మీద పావుగంట కూర్చుని తిరిగి వచ్చాడు. తొక్కలు తీసిన టమాటాలన్నీ నా ప్రాణానికి. సోమవారం నుంచి శనివారం దాకా ఉడకబెట్టుకు తిన్నాం. ఇప్పటికీ నేను టమాటా కొనను.

మూడో ఆదివారం అతన్ని గుమ్మం బయట ఆపాను. "నేర్చుకుంటున్నావు, బాగుంది. ఆవిడ గది ఆవిడకి ఇప్పించమని ఒక ఉత్తరం రాయి. నీ మాట వింటారు."

"పరీక్ష అవ్వనివ్వండి. ఇప్పుడు రాస్తే నా గతేమవుతుందో మీకు తెలుసు కదా."

పరీక్ష అయింది. పాసయ్యాడు. ఆ తర్వాత అక్కడే కార్నియాలో పై చదువుకి సీటు రానివ్వండి అన్నాడు. వచ్చింది. ఆపైన అడగడం మానేశాను. అక్క ఒక్కసారీ అడగలేదు. ఎనిమిదో ఆదివారం చివరి టమాటా ఎత్తి వెలుగులో చూసి, "ఊఁ" అంది. సంతకం పెట్టడానికి కార్డు లేదు. అతను దేనికోసమో నిలబడ్డాడు. "ఆ బల్ల తుడిచి వెళ్ళు" అంది.

మూడేళ్ళకి ఎడమకన్ను ముదిరింది. అప్పటికి అక్క కళ్ళజోళ్ళ కౌంటర్ నుంచి కూడా రిటైరైంది. సిబ్బంది వరస వదిలి, మామూలు జనంతో చీటీ తీసుకుని బెంచీ మీద కూర్చుంది. ఎవరు చెయ్యాలని అడిగిన గుమాస్తాకి పతకం అసలు పేరు చెప్పింది. ఆ పేరు అక్క నోట నేను వినడం అదే మొదలు.

నేను బయట కూర్చున్నాను. ఈసారి చెవులు రిక్కించుకుని, లోపలి నుంచి అరుపు ఎప్పుడొస్తుందా అని. రాలేదు. కాసేపటికి పతకం మాస్కు కిందికి లాక్కుంటూ బయటికొచ్చాడు. మొహం వెలిగిపోతోంది.

"పదహారు నిమిషాలండీ. మొదటి నుంచి చివరిదాకా ఒక్క మాట అనలేదు. ఒక్క మాట! మధ్యలో భయమేసి, 'ఏమైనా చెప్పాలా అక్కా' అని నేనే అడిగాను. కనీసం ఊఁ అనలేదు."

ఆ నోరు ముప్పై ఏళ్ళలో ఎవరికీ అంత పెద్ద సంతకం పెట్టలేదని అతనికీ తెలుసు, నాకూ తెలుసు. రెండు చేతులూ ముందుకు చాపాడు, నా చేతులు పట్టుకుందామని.

"కింద గది తాళం ఎప్పుడు తీయిస్తావు?" అన్నాను.

"ఆ గదిలో ఇప్పుడు కంప్యూటర్లు పెట్టేశారండీ..."

చాపిన చేతులు కాసేపు అలాగే ఉన్నాయి. మంచి చేతులు, వణుకు లేదు. నేను ముట్టుకోలేదు. పక్క నుంచి లోపలికి వెళ్ళి అక్క చెప్పులు వెతకడం మొదలుపెట్టాను.